తలకిందులైన రాతికలువలు

సేనాపతి ఉగ్రబాహుడు "పుళిందుడు" అని గట్టిగా పలికిన మరుక్షణం, యువరాణి తారావళి చీలమండల దగ్గర ఆగి ఉన్న రాయి జర్రున మోకాళ్ళకు ఎగబాకింది.

మండపంలో ఉన్నవాళ్ళందరూ ఒక్కడుగు వెనక్కు వేశారు. పుళిందుడి మెడకు ఆనించిన కత్తి మాత్రం కదల్లేదు.

"ఆ కత్తి తీయించండి, సేనాపతీ," అంది తారావళి. ఆమె ముఖం తెల్లబోయి ఉంది కాని గొంతు నిలకడగానే ఉంది. "వాడు చేయలేదని రాయే చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పించడానికి నా మోకాళ్ళు పోయాయి."

కత్తి దిగింది. పుళిందుడి చూపు యువరాణి పాదాల మీదే ఉంది. ఆమె ఎదుట గోడకు రెండు నిలువుల ఎత్తున్న నల్లని పలక వేలాడుతోంది. అందులోంచి పద్దెనిమిది రాతికలువలు కిందికి వంగి, ఈకల్లాంటి రాతిచేతులు చాచి, ఆమె కాళ్ళను చుట్టేసి పట్టుకున్నాయి. పట్టు తగిలిన మేర చర్మం నల్లబడి, గట్టిపడి, పలకలో కలిసిపోతోంది. పొద్దున్నే తన పలక చూసుకుందామని వచ్చి ఒక్క అడుగు దగ్గరగా వేసినందుకు జరిగింది అది. పలకను పగలగొడదామని ఒక భటుడు సుత్తి దెబ్బ వేస్తే, ఆమె పాదంలోంచి రక్తం కారింది. మళ్ళీ ఎవరూ సుత్తి ముట్టలేదు.

నీలాశ్మపురానికి సముద్రం ఇరవై రోజుల ప్రయాణం. ఆ ఊళ్ళో అలను చూసినవాడు లేడు. అయినా ఊరికి ఉత్తరాన నల్లపలకల గనిలో, తాటాకుల కట్టలా పొరలు పొరలుగా ఉన్న రాతిని చీలిస్తే లోపల కలువలు కనిపిస్తాయి. ఒక్కో కాడ మనిషి చేతికంటే పొడుగు. ఐదు కోణాల నక్షత్రపు బిళ్ళలు వేలకువేలు పేర్చి గుచ్చినట్టు ఉంటుంది. కాడ చివర గిన్నె, గిన్నె చుట్టూ విచ్చుకున్న రేకులు, రేకు రేకుకూ కుచ్చులు, కుచ్చుల అంచున నూలుపోగంత సన్నగా బంగారు మెరుపు. రాజవంశంలో బిడ్డ పుట్టిన రోజున గనిలో ఒక పలక చీలుస్తారు. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండగానే దాన్ని శుభ్రం చేసి శిలాకుసుమ మండపంలో నిలబెడతారు. మూడోనాడు ఆ బిడ్డకు పట్టాభిషేకం. అలాంటి పలకలు మండపం గోడలకు ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఎండ పక్కవాటుగా పడితేనే రేకులు తేలి కనిపిస్తాయని తూర్పుగోడ అంతటా సన్నటి నిలువు కిటికీలు పెట్టారు. ఉదయం పూట వెలుతురు గోడ వెంట పాకుతుంటే ఒక్కో పలకా వరసగా విచ్చుకుంటున్నట్టు ఉంటుంది. దూరదేశాల రాయబారులు ఆ దృశ్యం కోసమే రాత్రి ప్రయాణాలు చేసి వచ్చేవారు.

తారావళి పలక ముప్ఫై రెండోది. పలకలు చీల్చే వంశంలో పుట్టిన పుళిందుడు ఏడు నెలల పాటు ఇత్తడి సూదులతో దాని మీది పెళ్ళలు ఒలిచి, ఉడుతతోక కుంచెతో దులిపి, నిన్న సాయంత్రం రాగిమేకుల మీద నిలబెట్టాడు. వేళ్ళు కిందికి, పూలు పైకి. తెల్లారేసరికి ఎవరో దాన్ని తలకిందులు చేశారు.

తర్వాత ఏమవుతుందో మండపం కాపలా చూసే ముసలి నాగలాంబ ఒక్కతెకే తెలుసు. తన అమ్మమ్మ దగ్గర విన్నది ఆమె పొద్దున్నే అందరికీ చెప్పింది. తలకిందులైన రాతికలువ మేలుకుని, ఎదురొచ్చిన రాజరక్తాన్ని పట్టుకుంటుంది. తనను తిప్పి కట్టినవాడి పేరు ఎదుట నిలబడి ఎవరైనా పలికితే పట్టు వదిలేస్తుంది. వదిలి, ఆ పేరుగలవాణ్ణి పట్టుకుంటుంది. తప్పు పేరు పలికితే పైకి పాకుతుంది. రెండు తప్పులు ఓర్చుకుంటుంది, మూడోది ఓర్చుకోదు. ఏ పేరూ రాకపోయినా పొద్దు గుంకితే మనిషి మొత్తం రాయే.

ఇప్పటికి ఒక తప్పు అయిపోయింది.

ఏలినవారు సింహాసనం దిగి వచ్చి కూతురి పక్కన నేలమీదే కూర్చున్నాడు. నీలాశ్మపురంలో రాజుకు పేరుండదు. పట్టాభిషేకం నాడు పుట్టుపేరును హోమగుండంలో వదిలేస్తాడు. శాసనాల్లో, గ్రంథాల్లో ఆ పేరున్నచోటల్లా గీకేస్తారు. ఆ తరువాత దాన్ని పలికిన నాలుక తెగుతుంది. కన్నబిడ్డలకు కూడా అది తెలియదు. సింహాసనం వారసులకు అప్పగించి అడవులకు వెళ్ళే రోజున మాత్రం ఆ పేరు ఆయనకు తిరిగి దక్కుతుంది. ఈ రాజుకు ఆ రోజు రేపు.

ఆయన ఇంకెవరి మీద అనుమానమో త్వరగా తేల్చమని సేనాపతిని అడిగాడు.

పుళిందుడు తల ఎత్తి చూశాడు. పలకలను పైకెత్తే కప్పీకి ఒక తాడు వేలాడుతోంది. తాను నిన్న పని అయ్యాక తాడు విప్పి పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. అది కిత్తనార తాడు. ఈ కొండల్లో అందరూ పేనేది అదే. ఇది కొబ్బరిపీచు తాడు. కొసను నాలుకకు ఆనించి చూశాడు. ఉప్పగా ఉంది.

ఉప్పు అనగానే అందరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. మూడు నెలల కిందట ఎక్కడో సముద్రతీరం నుంచి వచ్చి, పాడుబడిన పాతగనిలో మకాం పెట్టిన మాంత్రికుడు క్షారముఖుడు. ఉగ్రబాహుడు పలకవైపు తిరిగి నోరు తెరిచాడు. పుళిందుడు ఒక్క దూకు దూకి ఆ నోటిని అరచేత్తో మూసేశాడు.

సేనాపతి నోరు మూసిన కూలివాణ్ణి ఆ రాజ్యంలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"తాడు వాడిదే అయ్యుండొచ్చు దొరా. కట్టిన చెయ్యి ఎవరిదో చూసి వస్తాను," అన్నాడు పుళిందుడు, చెయ్యి తీయకుండానే. "నేను వచ్చేదాకా ఎవరూ ఏ పేరూ పలకొద్దు."

ఏలినవారు పొద్దు పడమటి బురుజు మీదికి వాలేదాకా గడువిచ్చాడు.

"త్వరగా రా," అంది తారావళి. "ఇంతసేపు నిలబడ్డా కాళ్ళు నొప్పి పుట్టడం లేదు. అది నాకు నచ్చడం లేదు."

*

పాతగని ఒక పెద్ద నల్లని నుయ్యి. చుట్టూ మెట్లు మెట్లుగా రాతిపొరలు, పొరల సందుల్లో వేళ్ళాడే నాచు, అడుగున ఎండ చేరని చీకటి. గుర్రాన్ని తుమ్మపొదల్లో కట్టేసి పుళిందుడు అంచుకు పాకి చూశాడు. కిందికి దిగే దారి దగ్గర ఇద్దరు మౌనభటులు కాపలా ఉన్నారు.

మౌనభటులు సేనాపతి మాట వినేవాళ్ళు కారు. మాట్లాడబోమని వ్రతం పట్టి, నల్లముసుగు వేసుకుని, ఏలినవారి గది ముందు తప్ప ఇంకెక్కడా నిలబడని మనుషులు వాళ్ళు. పాడుపడిన గని దగ్గర వాళ్ళకేం పని?

ఆలోచించే వ్యవధి లేదు. పలకలు చీల్చేవాడికి ఏ రాయి ఎక్కడ విడుస్తుందో తెలుసు. వాళ్ళ తలమీదికి పొడుచుకొచ్చిన పొరకు వెనక పగులు వెతికి, ఉలి దించి, మడమతో తన్నాడు. తలుపంత పలక కిందికి జారింది. ఒకడు దాని కింద పడ్డాడు. రెండోవాడు పక్కకు దూకి కత్తి దూసి పైకి వచ్చాడు. ఇద్దరూ నిలబడ్డ రాతిఅరుగు వెడల్పు రెండు జానలు. కత్తి పుళిందుడి భుజం గీరుకుంటూ పోయి పొరలో ఇరుక్కుంది. అది ఊడివచ్చేలోగా పుళిందుడు వాడి నడుము పట్టుకుని రాతికేసి కొట్టాడు. వ్రతానికి కట్టుబడిన మనిషి కాబోలు, స్పృహ తప్పేటప్పుడు కూడా కేక వేయలేదు.

వాడి ముసుగు వేసుకుని, వాడి కత్తి దోపుకుని పుళిందుడు నూతిలోకి దిగాడు.

అడుగున ఉన్న గుహ అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. రాయిని చీలిస్తే రెండు చెక్కలు వస్తాయి. ఒక చెక్కమీద కలువ ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండో చెక్కమీద దాని అచ్చు గుంటగా పడుతుంది. కోటవాళ్ళకు ఎప్పుడూ ఉబ్బెత్తు చెక్కే కావాలి. గుంటచెక్క ఒకటి ఉంటుందన్న సంగతి కూడా వాళ్ళు ఎరగరు. వాటిని పారేయడానికి మనసొప్పక పుళిందుడి తాతముత్తాతలు ఈ గుహలో దాచారు. అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా, చీల్చిన రోజునే కాడ మొదట్లో ఉలితో ఆ బిడ్డ పేరు గీసేవారు.

ఇప్పుడు ఆ గుంటచెక్కలన్నీ గుహ గోడల పొడవునా తలకిందులుగా వేలాడుతున్నాయి. కలువ ఆకారపు చీకటి గుంటలు నెమ్మదిగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. రాతిలోంచి నీళ్ళు ఊరి నేలమీద మడుగు కట్టాయి. గాలిలో ఈ కొండలకు తెలియని వాసన. ఒక గబ్బిలం గోడకు దగ్గరగా ఎగిరింది. గుంట ఒకటి ఊపిరి పీల్చినట్టు పీల్చింది. గబ్బిలం లేదు.

గుహ మధ్య రాతితొట్టి ఉంది. అందులో మెడదాకా ఉప్పునీళ్ళలో కూర్చుని ఉన్నాడు క్షారముఖుడు. బుగ్గల మీద తెల్లని ఉప్పు పెచ్చులు కట్టి, పగిలి, మళ్ళీ కట్టింది. నీళ్ళు దాటి బయటికి వస్తే ఎండిపోయే మనిషి అతను, సముద్రం నుంచి వచ్చిందీ నీళ్ళబానలోనే. ఈ తొట్టి వదిలి కోటకు పోయి పలక ఎత్తి కట్టడం అతనివల్ల అయ్యే పని కాదు.

"వచ్చావా మూగోడా," అన్నాడు మాంత్రికుడు అరమూసిన కళ్ళతోనే. "ఎక్కడిదాకా వచ్చింది? వేలుపెట్టి చూపించు."

పుళిందుడు మోకాలు చూపించాడు.

"ఇంకా మోకాళ్ళేనా? మీవాళ్ళు మరీ నిదానస్తులు. కంగారు పడొద్దని మీ ఏలినవారికి చెప్పు. చెప్పలేవుగదూ, పోనీ సైగ చెయ్యి." క్షారముఖుడు తనలో తను నవ్వుకున్నాడు. "ఊరంతా వచ్చి ఊళ్ళో ఉన్న పేర్లన్నీ అరవనీ. పేరే లేనివాణ్ణి రాయి ఏమని పట్టుకుంటుంది? ఈ ఉపాయం నాది కాదు, ఆయనదే. నేను కలువల్ని ఎట్లా లేపాలో చెప్పానంతే."

పుళిందుడికి అప్పుడు అర్థమైంది. రేపు పొద్దున కూతురు సింహాసనం ఎక్కితే ఆయన అడవికి పోవాలి. కూతురు లేకపోతే అక్కర్లేదు. ఇంకో వారసుడు లేడు.

క్షారముఖుడికి మాట్లాడే తోడు కరువైనట్టుంది. బదులు చెప్పలేని మనిషి దొరికేసరికి వాగుతూనే ఉన్నాడు. ఇవి పూలని నమ్మిన ఈ కొండజాతి అంత అమాయకుల్ని తాను చూడలేదట. ఇవి ప్రాణులట. నడిసముద్రంలో తేలే మానుదుంగలకు కాడలతో వేలాడుతూ, నోళ్ళు కిందికి తెరుచుకుని బతికాయట. మొక్కల్ని పాతినట్టు వేళ్ళు కిందికి పెట్టి నిలబెడితే ఎప్పటికి మేలుకుంటాయి? కోటలోని పలకలన్నీ సాయంత్రానికి తనవి అవుతాయట. ఉబ్బెత్తును గుంటలో అతికిస్తే ఒకప్పుడు ఇక్కడున్న సముద్రం తిరిగి లేచి నిలబడుతుందట.

"ఉప్పు ఏదీ?" అన్నాడు హఠాత్తుగా.

పుళిందుడు పైకి చెయ్యి చూపించాడు, మోసుకొస్తున్నారన్నట్టు. మాంత్రికుడు ఒక కన్ను పూర్తిగా తెరిచాడు. వచ్చిన ప్రతిసారీ ఉప్పుమూట భుజాన వేసుకుని దిగే మనిషి ఇవాళ వట్టిచేతులతో వచ్చాడు. ఆ కన్ను మళ్ళీ మూతపడలేదు.

పుళిందుడు అప్పటికే గోడల వెంట వెతుకుతున్నాడు. రాజుగారి పలక మండపంలో వాకిలి పక్కన రెండోది. పదకొండు కలువలు, అందులో ఒక కాడ విరిగి ఎడమకు ఒరిగి ఉంటుంది. దాని గుంటచెక్కలో అది కుడికి ఒరగాలి. పలక తలకిందులుగా ఉంది కాబట్టి మళ్ళీ ఎడమకు. తొట్టి వెనక, మూల, అదిగో. కాని పేరు గీసేది కాడ మొదట్లో. కాడ మొదలు ఇప్పుడు గుహ కప్పుకు ఆనుకుని ఉంది. అక్కడికి చేరాలంటే ఆ గుంటల మీదుగానే ఎక్కాలి.

ఎక్కాడు.

మొదటి గుంట అతని ముసుగు లాగేసుకుంది. మాంత్రికుడు ఆ ముఖం చూసి నీళ్ళు చిందేలా నడుము దాకా పైకి లేచి మంత్రం అందుకున్నాడు. గుహలోని గుంటలన్నీ ఒక్కసారి ఊపిరి లోపలికి తీశాయి. పుళిందుడి ఎడమచెయ్యి మణికట్టు దాకా ఒక గుంటలోకి పోయింది. మంచులో పెట్టినట్టు వేళ్ళు ఒక్కొక్కటే మొద్దుబారుతున్నాయి. కుడిచేత్తో నడుమున దోపిన ఇత్తడి సూది తీసి, కాడ మొదటి మీది సున్నపు పెచ్చు గీకాడు. ఏడు నెలలుగా చేస్తున్న పనే. చెయ్యి దానంతటదే తేలిగ్గా ఆడింది. పెచ్చు రాలింది. కింద తన తాత చేతి గీతలు. ఒక అక్షరం, ఇంకొకటి, ఇంకొకటి.

చదివాడు. మరిచిపోకుండా ఉండేందుకు ఇంకోసారి చదివాడు.

పాదాలు గోడకు తన్నిపెట్టి ఎడమచేతిని లాగాడు. చెయ్యి వచ్చింది, అరచేతి చర్మం రాలేదు. తొట్టి పక్కకు దూకి, దాని అడుగున ఉన్న కొయ్యబిరడాను కత్తిపిడితో ఒక్క దెబ్బ కొట్టాడు. బిరడా ఎగిరిపోయింది. ఉప్పునీళ్ళు భళ్ళున నేలమీదికి దూకాయి. క్షారముఖుడు మంత్రం వదిలేసి రెండు చేతులూ ఆ కంతకు అడ్డం పెట్టుకున్నాడు.

"తెలుసుకుని ఏం చేసుకుంటావురా?" అని వెనక నుంచి అరిచాడు. "అది పలికిన నోట్లో నాలుక ఉండదు."

పుళిందుడు అప్పటికే సగం నుయ్యి ఎక్కేశాడు.

*

కోట ఉత్తరద్వారం మూసి ఉంది. ముందు ఆరుగురు మౌనభటులు. పొద్దు పడమటి బురుజును తాకడానికి ఇంకా మూరెడు దూరం ఉంది. గడువు పూర్తి కాకుండానే తలుపులు మూశారంటే లోపల ఏదో జరుగుతోంది.

మండపానికి వెనక, పడమటి గోడ రెండో అంతస్తులో ఒక పెద్ద కిటికీ ఉంది. బండి మీద వచ్చిన పలకల్ని కప్పీతో ఎత్తి లోపలికి దించేది అందులోంచే. పనివాళ్ళకు తప్ప దాని ఊసు ఎవరికీ పట్టదు. ఒంటిచేత్తో గోడ పాకి, కిటికీ తలుపు సందున ఉలి దూర్చి తెరిచి, పుళిందుడు దూలం మీద బోర్లా పడుకుని కిందికి చూశాడు.

మండపంలో ఉదయపు వెలుగు లేదు. ముప్ఫై ఒక్క పలకలూ నల్లగా, చదునుగా, వట్టి రాళ్ళలా ఉన్నాయి. ముప్ఫై రెండోదాని ముందు తారావళి నిలబడి ఉంది. రాయి ఆమె రొమ్ముల దాకా వచ్చేసింది. ఎడమచెయ్యి అప్పటికే పలకలో ఉంది. కుడిచెయ్యి మాత్రం ఇంకా మనిషిదే.

రెండో పేరు పలికేశారు.

జరిగింది నాగలాంబ కింద ఏడుస్తూ అంటున్న మాటల్లో తెలిసింది. పుళిందుడు వెళ్ళిన ఘడియకే, వాడు పారిపోయాడనీ, ఆ మాంత్రికుడి పేరు పలకమనీ ఏలినవారే సేనాపతిని ఆజ్ఞాపించాడు. సేనాపతి పలికాడు. ఇప్పుడు మండపం తాళంచెవి నాగలాంబ దగ్గర ఉంటుంది కాబట్టి మూడో పేరు ఆమెదేనని ఏలినవారు తేల్చాడు. ఇద్దరు మౌనభటులు ముసలిదాన్ని రెక్కలు పట్టుకుని నిలబెట్టారు.

"ఈ చేతులతో చీపురే ఎత్తలేకపోతున్నాను నాయనా, ఆ పలకనెట్లా ఎత్తుతాను?" అంటోంది నాగలాంబ. "నా పేరు చెప్తే పిల్ల చచ్చిపోతాది. నన్ను చంపుకోండి, పేరు మాత్రం పలకొద్దు."

ఏలినవారు కళ్ళు తుడుచుకుని పలకవైపు తిరిగాడు. ఈసారి తానే పలుకుతానన్నాడు. 

పుళిందుడు కొబ్బరితాడు పట్టుకుని జారాడు. అరచేతి పచ్చిపుండు తాడుకు ఒరుసుకుపోయి కళ్ళు బైర్లు కమ్మాయి. రాజుకూ పలకకూ మధ్య నేలమీద పడ్డాడు. వెంటనే నాలుగు కత్తులు అతని మీదికి లేచాయి. వాటికి అడ్డంగా ఐదో కత్తి వచ్చింది. అది ఉగ్రబాహుడిది.

"రెండు తప్పులూ నా నోటివే," అన్నాడు సేనాపతి. ఉదయం నుంచి అతను పదేళ్ళు ముసలివాడైనట్టున్నాడు. "మూడో పేరు వీణ్ణి పలకనివ్వండి. వీణ్ణి ముట్టాలంటే ముందు నన్ను దాటండి."

ఏలినవారు నెమ్మదిగా ముందుకు వచ్చాడు. ముఖంలో కోపం లేదు. పుళిందుడి భుజం మీద చెయ్యి వేసి, పొరపాటు జరిగితే బిడ్డ దక్కదు కదా, ఆ పేరేదో ముందు తన చెవిలో చెప్పమన్నాడు. ఆలోచించి తానే పలుకుతానన్నాడు.

"చెవిలో చెప్పే పేరు కాదు, ఏలినవారూ," అన్నాడు పుళిందుడు.

రాజు చూపు అతని ఎడమచేతి మీద పడింది. చర్మం ఊడిన అరచేతి నిండా ఐదు కోణాల నక్షత్రాలు అచ్చుపడి ఉన్నాయి. భుజం మీది చెయ్యి జారిపోయింది.

"ఈ రాజ్యంలో పలికితే నాలుక తెగే పేరు ఒకటుంది," అన్నాడు ఏలినవారు చాలా మెల్లగా. "దానికి నేను కూడా మినహాయింపు ఇవ్వలేను. గుర్తుందా?"

"గుర్తుంది."

ఆ రెండు మాటలతో మండపంలో ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికే అర్థం కావడం మొదలైంది. నాగలాంబ ఏడుపు ఆగింది. ఉగ్రబాహుడి కత్తి మొన మౌనభటుల మీది నుంచి పక్కకు తిరిగింది. వాకిలి దగ్గరి విలుకాడు బాణం సంధించాడు కాని, దాన్ని ఎవరివైపు ఎక్కుపెట్టాలో అతనికి తోచలేదు. పడమటి కిటికీలోంచి ఎర్రని ఎండ ఒక్క కమ్మీలా నేలమీద పడి సన్నబడుతోంది.

తారావళి తండ్రివైపు చూసింది. ఆయన ఆమెవైపు చూడలేదు. రాయి మెడకింద ఇంకో అంగుళం పాకింది. ఆమె ఊపిరి కూడదీసుకుని మాట్లాడింది.

"నువ్వు పేరు తెచ్చావా?"

"తెచ్చాను, అమ్మా."

"నిజమేనని నమ్మకముందా?"

"మా తాత గీసిన గీతలు. నా చేత్తో గీకి చదివాను."

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి, జారలేదు. "చిన్నప్పుడు ఆయన పేరేమిటని అమ్మను ఎన్నిసార్లు అడిగానో," అంది. "అడగొద్దని కొట్టింది. పలుకు. నేనూ వింటాను."

ఏలినవారు చెయ్యెత్తాడు. మౌనభటులు నలుగురూ ఒక్కసారి కదిలారు. ఉగ్రబాహుడు ముగ్గుర్ని ఆపాడు. నాలుగోవాడి కత్తి పుళిందుడి చెంప చీల్చింది. అతను వెనక్కు తిరిగి చూడలేదు. పలకకు ఎదురుగా, రాతిచేతులకు అందేంత దగ్గరగా నిలబడి, మండపం నాలుగు మూలలకూ వినపడేలా, ముప్ఫై ఏళ్ళుగా ఆ రాజ్యంలో ఏ నోటా పలకని పేరు పలికాడు.

"ఈ పలకను తిప్పి కట్టినవాడు నీలాశ్మపురాన్ని ఏలే రాజు, యువరాణి కన్నతండ్రి. పుట్టిననాడు పెట్టిన పేరు శరభాంకుడు."